మా బోర్డు మీద కొత్త అక్షరం

జూలై 21, సోమవారం

మా బోర్డు మీద ఎవరో చెయ్యి పెట్టారు.

పొద్దున షటర్ ఎత్తుతున్నాను. కాలేజీకి బయల్దేరిన శ్రావణి రోడ్డు మీదే ఆగిపోయి పైకి చూస్తోంది. "అమ్మా, ఏ పోయింది. ఈ వచ్చింది" అంది. ఏం పోయింది, ఏం వచ్చింది... పొద్దున్నే ఈ పిల్లకు ఆటలు అనుకుంటూ దిగి వెళ్లి చూశాను. నిజమే. అరుణ స్టేషనరీ అని ఇంగ్లీషులో రాసిన వరుసలో, రెండో మాట చివర్లో ఒక్క అక్షరం మారింది, ఇంగ్లీషు ఏ ఉన్న చోట ఇంగ్లీషు ఈ. మిగతా అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

పోయిన నెల ఇదే మాట మీద ఇంట్లో నవ్వులాట. శ్రావణి వాళ్ల ఇంగ్లీషు సార్ క్లాసులో చెప్పాడట. అక్కడ ఏ రాస్తే కదలకుండా నిలబడి ఉన్నది అని అర్థం: ఆగిన బస్సు, ఆగిన రైలు. ఈ రాస్తే కాగితాలు, పెన్నులు, కవర్లు. గుర్తుపెట్టుకునే ఉపాయం కూడా చెప్పాడట. పేపర్‌లో ఈ ఉంది, పెన్నులో ఈ ఉంది, కాబట్టి వాటిని అమ్మే దుకాణానికీ ఈ రావాలి. తెలుగులో రాసుకుంటే రెండూ ఒకటే, ఏ బాధా లేదు. మన బోర్డు మీద పెట్టిన రోజు నుంచీ ఏ ఉంది. "మన షాపు ఏడికీ కదల్తలేదు కదమ్మా, మామ కరెక్టే రాసిండు" అని ఒకటే పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. అది అన్న రాసిన బోర్డు.

ఇప్పుడు ఎవరో దిద్దారు. మంచికే కావచ్చు. మంచికైతే చెప్పి చేయాలి కదా.

జూలై 22

మొదటి అనుమానం ఇంట్లోనే. శ్రావణి. తప్పు పట్టింది అది, ఫ్రెండ్స్ ముందు సిగ్గుపడింది అది.

"నువ్వేనా?" అన్నాను అన్నం పెడుతూ.

"నేను ముగ్గే సక్కగ ఎయ్యను, నిచ్చెనెక్కి బోర్డు రాస్తనా?" అంది, పళ్లెంలోంచి తల ఎత్తకుండా. తల ఎత్తకపోవడం నాకు నచ్చలేదు. కానీ ముగ్గు సంగతి నిజం. దాని ముగ్గు కోడి కెలికినట్టు ఉంటుంది.

జూలై 23

సంపత్ అయి ఉండాలి. పక్క సందులో ఫ్లెక్స్ షాపు. వచ్చిపోయినప్పుడల్లా మా బోర్డు మీదే వాడి కన్ను. "అక్కా, గీ రేకు బోర్డు ఇంకెన్నొద్దులు... ఫ్లెక్స్ ఏపిచ్చుకో, ఎన్క లైటు పెడ్త, మెరుస్తది." ముందు ఒక అక్షరం చెడగొడతాడు, తర్వాత బోర్డంతా మార్చమంటాడు. వ్యాపారం అట్లనే చేస్తారు వీళ్లు.

ఫ్లెక్స్ రేటు అడిగే వంకతో వాడి షాపుకే వెళ్లి అడిగాను. వాడు నవ్వాడు. "నాకు బ్రష్షు పట్టుడే రాదక్కా. నేను టైపు కొడ్త, మిషిన్ తీస్తది." నాతో పాటు సందు చివరికి వచ్చి దూరం నుంచి మా బోర్డు చూశాడు. కళ్లు చిన్నవి చేసి చాలాసేపు చూశాడు. "ఎవలు దిద్దిన్రో గని, పనోడక్కా" అన్నాడు.

అంత మెచ్చుకోవడం దేనికి?

జూలై 24

ఎవరూ చూడలేదట. ఇంత బజారు, ఇటు టీ కొట్టు, అటు మెడికల్ షాపు... అందరూ మా ఇంట్లో కూర ఏమిటో కూడా చెప్పగలరు. నిచ్చెన వేసుకుని మనిషి ఎక్కితే మాత్రం ఎవరికీ కనపడలేదు.

జూలై 25

ఈయనను కూడా అడిగాను. డోర్నకల్ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, "గిప్పుడు నా మీదికి వచ్చిందా? నేను అటు డ్యూటీకి పోతే అనుమానం, ఇటు ఇంట్ల ఉంటే అనుమానం. పోలీసు నౌకరి చెయ్యాల్సింది నువ్వు" అన్నారు.

ఎగతాళి చేశారు, అంతవరకు బాగానే ఉంది. తర్వాత మెల్లగా "సదన్న రాసిన బోర్డు మీద నేనెందుకు చెయ్యి పెడ్త అరుణా" అన్నారు. మా అన్న పేరు ఆ నోట్లోంచి విని ఎన్నాళ్లయిందో. అని, అటు తిరిగి బకెట్‌లో నీళ్లు నింపుకున్నారు. బకెట్ అప్పటికే నిండి ఉంది.

జూలై 27, ఆదివారం

షాపు మూసే ఉంది. ఈయన డ్యూటీ, శ్రావణి నిద్ర. బల్ల మీద స్టూలు వేసి ఎక్కాను. పడితే నడుము విరిగేది. విరిగినా సరే అనుకున్నాను.

దగ్గర నుంచి చూస్తే తెలిసింది.

ఒకటి. ఎరుపు. పాత అక్షరాల ఎరుపు ఎండకు వెలిసి ఇటుకపొడి రంగుకు తిరిగింది. కొత్తగా రాసేవాడు డబ్బాలో ఉన్న ఎరుపే రాస్తాడు, అది నెత్తురులా కొట్టొచ్చినట్టు కనపడాలి. ఇది అట్లా లేదు. అందులో కొంచెం గోధుమ రంగు, కొంచెం నలుపు కలిపి, పాత ఎరుపుతో సరిగ్గా కలిసేట్టు చేశారు. అందుకే కిందినుంచి చూస్తే అతుకు తెలియట్లేదు.

రెండు. మా అక్షరాలన్నిటికీ నల్ల నీడ ఎడమ పక్కన ఉంటుంది. అందరూ కుడి పక్క వేస్తారు. మా అన్నది పుర్రచెయ్యి, ఆయన నీడలన్నీ ఎడమకే పడతాయి. ఈ కొత్త అక్షరానికి అసలు నీడే లేదు. ఒంటరిగా ఉంది.

మూడు. బోర్డుకూ గోడకూ మధ్య సందులో పేపరు చుట్టిన సన్న కుంచె. విప్పితే కిరసనాయిలు వాసన. కడిగి, తుడిచి, చుట్టి పెట్టారు. కర్ర మీద బొటనవేలు ఒత్తి ఒత్తి అరిగిన గుంట, ఎడమ చేతిది.

స్టూలు మీదే కూర్చుండిపోయాను.

అన్న.

జూలై 28

నిన్నటి నుంచి ఒకటే ఆలోచన. ఎరుపు అంత కచ్చితంగా ఎట్లా కలిపాడు? ఇప్పుడుంటున్న భూపాలపల్లిలో కూర్చుని మా బోర్డు ఎంత వెలిసిందో ఆయనకెట్లా తెలుసు? అంటే అంతకుముందే ఒకసారి వచ్చి చూసిపోయాడు. ఎండలో, రోడ్డు అవతల నిలబడి, బోర్డు చూసి, లోపల గల్లా దగ్గర కూర్చున్న నన్ను కూడా చూసి, మాట్లాడకుండా పోయాడు.

నేను ఆ రోజు ఏం చేస్తున్నానో. ఎవరితోనో చిల్లర కోసం గొడవపడుతుంటాను.

జూలై 29

కోపం వస్తోంది. ఎందుకు రాకూడదు?

ఇన్నేళ్లలో ఒక్క ఫోన్ లేదు. శ్రావణి ఓణీల ఫంక్షన్‌కు మేనమామ రాలేదు. మేనమామ పెట్టాల్సిన బట్టలు నేనే కొని, ఆయన పేరు చెప్పి పెట్టించాను. మొదటి ఏడు రాఖీ పోస్టులో పంపాను. అందింది అని కూడా అనలేదు. వదిన ఏమైనా ఎక్కించిందా అని అప్పటి నుంచీ నాకు అనుమానమే.

అంతగా జరిగిందేమిటి? ఫ్లెక్సులు వచ్చి ఆయన పని పడిపోయింది. మా షాపు ముందు అరుగు మీద రంగుల బల్ల వేసుకుంటా అన్నాడు. సరే అనే అన్నాం. ఇంతలో ఈయన లోను తీసుకుని జిరాక్స్ మిషను తెచ్చి ఆ అరుగు మీద పెట్టారు. నాకు కూడా మిషను వచ్చాకే తెలిసింది. అన్న వచ్చి చూశాడు. "ఒక్క మాట అడగాలె కద చెల్లె" అన్నాడు, అంతే. కుంచెలన్నీ సంచిలో వేసుకుని, వదిన పుట్టిన ఊరు భూపాలపల్లి వెళ్లిపోయాడు.

అడగాల్సిన మనిషి అడగలేదు. మాట పడ్డది నేను.

జూలై 31

ఇప్పుడెందుకు వచ్చినట్టు? ఏదో అవసరం పడి ఉంటుంది. ఆరోగ్యం బాగాలేదేమో. లేక ఊళ్లో ఎవరో ఆయన స్పెల్లింగ్ గురించి నవ్వారు, పరువు కోసం వచ్చి దిద్దిపోయాడు. నా కోసం కాదు. నా కోసమైతే తలుపు కొట్టేవాడు.

ఫోన్ నంబర్ ఉంది. మారలేదని తెలుసు. చెయ్యను.

ఆగస్టు 1, శుక్రవారం

రైల్వే గేటు దగ్గర వెంకటయ్య బుక్ డిపో అండ్ స్టేషనరీ. అన్న మా మానుకోటకు వచ్చాక రాసిన మొదటి బోర్డు అదే. జనగామలో ఉస్తాదు దగ్గర పని నేర్చుకుని వచ్చిన కొత్తలో రాశాడు. ఇంగ్లీషు ఆయన చదవడు, గీస్తాడు. ఎవరో కాగితం మీద రాసిచ్చినది చూసి గీశాడు, తర్వాత దాన్ని చూసి మాది గీశాడు. ఆ బోర్డు మీద ఉన్న ఏ అక్షరమే మా బోర్డు మీదికి వచ్చింది. ఊళ్లో ఇంక రంగుతో రాసిన బోర్డులు మిగిలినవి మా రెండే.

నా లెక్క ఇది: అక్కడ కూడా దిద్ది ఉంటే ఆయన తన పరువు కోసం వచ్చాడు. అక్కడ దిద్దకపోతే...

వెళ్లాను. బోర్డు మీద ఆ ఏ అక్షరం అట్లానే ఉంది.

గుండె ఒక్కసారి లేచింది. కానీ వెంకటయ్య దాన్ని కూర్చోబెట్టాడు. "మీ అన్న వచ్చిండు బిడ్డా మొన్నామధ్య. దిద్దుత కాకా అని అడిగిండు. నేనే ఒద్దన్న. ఇన్నేండ్ల సంది ఉన్న బోర్డు, గిరాకీ వస్తలేదా, దుకాణం తెలుస్తలేదా? ఉండనియ్ అన్న."

"ఎందుకు దిద్దుతా అన్నాడు?"

"ఆడ భూపాలపల్లి దిక్కు బడి గోడల మీద రాస్తుండట. గీ రెండు మాటలు, వాటి అర్థాలు పక్కపక్కన రాయమని టీచరమ్మ కాయిదం ఇచ్చిందట. రాస్తుంటే రాస్తుంటే చెయ్యి ఆగిపోయిందట. మా చెల్లె దుకాణానికి కదలనిది అని రాసిచ్చిన కాకా, ఇన్నేండ్లు అందరు నవ్వుకున్నరేమో అని పరేషాన్ అయిండు. చాయ గూడ తాగలే."

కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంకటయ్య చూడకుండా అట్టలు, పెన్సిళ్లు సర్దాను, నా షాపు అనుకుని.

ఆగస్టు 2

పొద్దున లేచేసరికి మళ్లీ పాత బుద్ధే.

వెంకటయ్యను అడిగాడు. వద్దంటే మానేశాడు. నన్ను అడగలేదు. ఒక్క మాట అడగాలె కద అని నన్ను అన్న మనిషి, నా బోర్డు మీద నన్ను అడగకుండా చెయ్యి పెట్టాడు. బాకీ తీర్చుకున్నట్టా? చూడు, అడగకపోతే ఎట్లుంటదో అని?

లేక బయటివాళ్లనే అడుగుతాం, సొంత ఇంట్లో ఎవరు అడుగుతారు అనా? నేను అన్న ఇంటికి పోతే నీళ్ల బిందె మీద మూత తీయడానికి ఎవరినీ అడిగేదాన్ని కాదు.

రెండూ సరిపోతున్నాయి. అదే నా బాధ.

ఆగస్టు 4, సోమవారం

వంట చేస్తుంటే గుర్తొచ్చింది. పొయ్యి ఆపేసి రాస్తున్నాను.

ఈ బోర్డు రాసిన రోజుల్లో ఒక పూత ఆరేదాకా ఆగి ఇంకో పూత వేసేవాడు. మధ్యలో ఇంటికి పోయేటప్పుడు మా వంటింటి కిటికీలో కుంచె పెట్టి పోయేవాడు. కిరసనాయిలు కంపు. ఒకసారి తీసి సంచిలో వేసి ఇచ్చాను. ఆయన మళ్లీ తీసి కిటికీలోనే పెట్టాడు. "పని అయిపోయేదాక బ్రష్షు గిరాకీ ఇంట్లనే ఉండాలె చెల్లె. పట్టుకపోతే ఇగ రానట్టే. మా ఉస్తాదు నేర్పిండు."

వెళ్లిపోయిన రోజు అన్నీ పట్టుకుపోయాడు. ఒక్కటి కూడా వదల్లేదు.

ఇప్పుడు ఒకటి పెట్టి పోయాడు. నీడ వేయలేదు. పని అయిపోలేదు.

అంటే మళ్లీ వస్తాడు.

లేదా పాలవాడో ఎవరో వచ్చిన అలికిడికి నీడ వేయకుండా దిగిపోయాడు, కుంచె మర్చిపోయాడు. కానీ మర్చిపోయేవాడు కడిగి పేపరు చుట్టి పెడతాడా?

ఆగస్టు 5

రాలేదు. రోజుకు ఎన్నిసార్లు బయటికి వచ్చి పైకి చూస్తున్నానో. మెడికల్ షాపతను "ఏమక్కా, వాన వస్తదా?" అన్నాడు.

ఆగస్టు 6

షాపు ముందు రాఖీల దండలు కట్టాను. ఊరి ఆడవాళ్లంతా ఇక్కడే. ఒకామె బయ్యారం నుంచి వచ్చి అన్నకు, తమ్ముళ్లకు, అన్న కొడుకులకు అందరికీ కొనుక్కుంది. "నువ్వెప్పుడు పోతున్నవక్కా?" అంది. గిరాకీ ఎక్కువ, షాపు విడిచి ఎట్లా పోతాను అన్నాను. ప్రతి ఏడూ చెప్పే అబద్ధమే.

ఆమె వెళ్లాక ఒక రాఖీ తీసి పక్కన పెట్టాను. ఎరుపు దారం, మధ్యలో చిన్న పూస. మెరుపులు ఎక్కువ ఉన్నవి ఆయనకు నచ్చవు. ఇప్పుడు ఏం నచ్చుతాయో నాకు తెలియదు.

ఆగస్టు 7

ఈయనకు అంతా చెప్పాను. కుంచె చూపించాను. చేతిలో తిప్పి తిప్పి చూశారు. ఏదైనా ఎగతాళి మాట వస్తుందని ఎదురుచూశాను.

"నాకు ఆయనే యాదికొచ్చిండు, నువ్వు అడిగిన నాడే" అన్నారు.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మిషిన్ సంగతి గూడ ఎత్తుతవని."

ఎత్తాను. ఎందుకు ఎత్తను? ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్నదంతా అన్నాను. ఆయన అంతా విని, కుంచెను మళ్లీ పేపరులో చుట్టి నా చేతికిచ్చారు. అదీ అనుమానమే నాకు, కానీ ఈసారి ఊరుకున్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

పొద్దున చూస్తే ఈయనా శ్రావణీ జిరాక్స్ మిషన్ను అరుగు మీద నుంచి లోపలికి జరుపుతున్నారు. ఇరుకైంది. గల్లా దగ్గరికి పక్కకు తిరిగి పోవాలి. అరుగు ఖాళీ. తుడిస్తే మిషను కాళ్ల మచ్చలు నాలుగు మూలలా మిగిలాయి.

"రేపు లీవు పెట్టిన. షాపు నేను చూసుకుంట. నువ్వు పో" అన్నారు.

పోనా? అన్నే వస్తాడేమో అని ఉండనా? కుంచె పెట్టి పోయిన మనిషి కోసం ఆగాలి అంటుంది ఒక మనసు. రాఖీకి చెల్లె పోవాలి గానీ అన్న వస్తాడా అంటుంది ఇంకోటి. పోతే వదిన తలుపు తీసి ఏమంటుందో. నేను వచ్చానని మొహం మాడ్చుకుంటే?

కుంచె తీసుకుపోతా. మీ ఆయన మర్చిపోయిండు, ఇచ్చిపోదామని వచ్చిన, అంటా. రాఖీ సంచిలోనే ఉంటుంది. మొహం చూశాక తీయాలో వద్దో చూసుకుంటా.

ఆగస్టు 9, శనివారం, రాఖీ

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా పోతున్నాయి. మానుకోట బస్టాండు నిండా ఆడవాళ్లే, పట్టు చీరలు, స్వీటు డబ్బాలు. హనుమకొండలో దిగి భూపాలపల్లి బస్సు పట్టుకోవాలి. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంత సులువుగా దొరికిందంటే ఏదో ఉంది.

—

కేసముద్రం దాటాక దిగిపోయాను. రోడ్డు పక్కన బస్సు ఆపిన చోటే నిలబడి రాస్తున్నాను. ఏదో ఒకటి చేయకపోతే ఏడుస్తాను.

శ్రావణి ఫోన్ చేసింది. "అమ్మా, మామ వచ్చిండు. నిచ్చెన తెచ్చిండు. బోర్డు ఎన్క ఎతికి, బ్రష్షు ఏది అని అడుగుతుండు."

డాడీ ఏం చేస్తున్నాడు అన్నాను.

"నిచ్చెన పట్టుకున్నడు."

"మామ ఏమన్నాడు?"

"ఏమనలే. అరుగు దిక్కు చూసిండు. మళ్ల పైకి ఎక్కిండు. అమ్మా, నువ్వొచ్చుడు లేటైతే ఉంటడో లేదో, నాకెర్కలేదు."

ఉండమను, నేను వస్తున్నా అని చెప్పు అన్నాను. వినపడిందో లేదో, సిగ్నల్ పోయింది.

కండక్టరమ్మను ఆపమన్నాను. ఎందుకు తల్లీ, హనుమకొండ దాకా అన్నవు కద అంది. మా అన్న మా ఇంటికే వచ్చిండు అన్నాను. బస్సులో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి దారి ఇచ్చారు.

అటు నుంచి బస్సు రావట్లేదు. పండుగ రోజు, వచ్చినా నిలబడటానికి చోటు ఉండదు. ఆటో ఆగట్లేదు. అన్నకు ఓపిక తక్కువ. మిషను లోపలికి జరిపింది ఎందుకో ఈయన నోరు తెరిచి చెప్పి ఉంటారా? చెప్పరు. నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంటారు.

దూరంగా ఏదో బండి కనపడుతోంది. బస్సో లారీనో తెలియట్లేదు.

కుంచె నా సంచిలోనే ఉంది. అది లేకుండా నీడ వేయలేడు. అది ఇక్కడుండగా పోడు కదా... పోతాడా?